నా డప్పేదిరా? – గదిలో చేసిన మిక్స్‌ని తూకం వేయడం ఎలా

మా కాలేజీ ఫెస్ట్ రెండో రోజు రాత్రి, గ్రౌండ్‌లో నా ట్రాక్ వేశారు. నాలుగు నిమిషాల ఎలక్ట్రానిక్ ట్రాక్. కిక్, బేస్, రెండు సింథ్‌లు, హై-హ్యాట్... అన్నీ ల్యాప్‌టాప్‌లో పుట్టినవే. ఒక్కటి మాత్రం కర్ర, తోలు, నిప్పు కలిసి పుట్టించింది. అది నా రూమ్మేట్ వాయించిన డప్పు.

వాడిది కరీంనగర్ వైపు ఒక పల్లె. డప్పు వాళ్ల బాపుది. సెలవులకి ఊరెళ్లి, తువ్వాల్లో చుట్టి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. హాస్టల్ టెర్రస్ మీద పాత రికార్డుల కాగితాలు మంట పెట్టి, డప్పుని కాచి, తోలు బిగిశాక వాయించాడు. నేను ఫోన్లో రికార్డు చేశాను. వార్డెన్ గారు మన పత్రిక చదవరనే ధైర్యంతో ఈ మాట రాస్తున్నాను.

ట్రాక్ మొదలైంది. కిక్ గుండె మీద కొట్టినట్టే వచ్చింది. జనం అరిచారు. డప్పు రావాల్సిన చోటు వచ్చింది. డప్పు మాత్రం రాలేదు. గోడ అవతల ఎవరో పెన్సిల్‌తో బల్ల కొడుతున్నట్టు సన్నగా ఏదో వినిపించిందంతే. మా వాడు ఫోన్ పైకెత్తి పట్టుకుని నిలబడ్డాడు. అవతల వీడియో కాల్లో వాళ్ల బాపు.

ట్రాక్ అయిపోయాక నా దగ్గరికొచ్చి ఒకే మాట అడిగాడు: "అరేయ్, నా డప్పేదిరా?"

నా దగ్గర జవాబు లేదు. ముందు రోజు రాత్రి యాభై సార్లు విన్నాను. నా హెడ్‌ఫోన్స్‌లో ఆ డప్పు తలకి రెండు పక్కలా గంభీరంగా మోగింది. సౌండ్ అన్న మీదకి తోసేద్దామా అని కూడా అనిపించింది. కానీ తర్వాత రెండు నెలలు కూర్చుని తవ్వితే తేలింది, తప్పు పూర్తిగా నాదే అని. ఇంట్లోనో హాస్టల్లోనో ట్రాక్‌లు చేసే మీలో కొందరికైనా ఆ రాత్రి రాకూడదని, ఆ రెండు నెలల్లో నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

అంతా ఒక మాట చుట్టూనే తిరుగుతుంది. "మిక్స్ బాగుందా?" అని మన చెవిని అడిగితే అది నమ్మదగ్గ జవాబు ఇవ్వదు. "దేనికంటే బాగుంది? ఎక్కడ వింటే బాగుంది?" అని అడిగితే ఇస్తుంది.

మిక్స్ అంటే వడ్డన

పాట కట్టడం వంట అనుకుంటే, మిక్స్ విస్తరిలో వడ్డన. పప్పు, కూర, పచ్చడి, పులుసు అన్నీ రుచిగానే ఉండొచ్చు. కానీ పులుసు వచ్చి పచ్చడిలో కలిసిపోతే రెండూ పాడే. ట్రాక్‌లో ఒక్కో శబ్దానికి మూడు రకాల చోటు కావాలి. ఎంత గట్టిగా ఉండాలి అన్నది లెవెల్. ఎడమా, కుడా, నడుమా అన్నది పానింగ్. బొంగురుగానా, సన్నగానా, ఏ హెర్ట్జ్‌ల దగ్గర అన్నది ఫ్రీక్వెన్సీ. రెండు శబ్దాలు ఈ మూడింటిలోనూ ఒకే చోట కూర్చుంటే, గట్టిది మెత్తనిదాన్ని కప్పేస్తుంది. దీన్నే మాస్కింగ్ అంటారు.

"మన దగ్గర స్టూడియో లేదు కదా" అనే సాకు ఇక్కడ పనికిరాదు. డాఫ్ట్ పంక్ అనే ఫ్రెంచ్ జంట 1997లో తెచ్చిన మొదటి ఆల్బమ్ 'హోమ్‌వర్క్' పడక గదిలో తయారైంది. బిల్లీ ఐలిష్‌కి 2020లో ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ గ్రామీ తెచ్చిపెట్టిన ఆల్బమ్‌ని, ఆమె, ఆమె అన్న ఎక్కువ భాగం ఇంట్లో ఒక చిన్న గదిలోనే రికార్డు చేశారు. గది చిన్నదైనా ఫర్వాలేదు. ఆ గది మనల్ని ఎలా మోసం చేస్తుందో తెలియకపోతేనే ఇబ్బంది.

డప్పు ఎక్కడికి పోయింది?

ఫోన్ రికార్డింగ్ మోనో. అంటే ఒకటే ఛానల్. హెడ్‌ఫోన్స్‌లో అది తల మధ్యలో ఇరుకుగా వినిపించింది. "వెడల్పు" కావాలని ఒక కిటుకు వాడాను. డప్పు ట్రాక్‌ని కాపీ చేసి, ఒకటి పూర్తిగా ఎడమకి, ఇంకోటి పూర్తిగా కుడికి పెట్టి, కుడిదాన్ని ఇన్వర్ట్ చేశాను. అంటే వేవ్‌ఫామ్‌ని తలకిందులు చేశాను. హెడ్‌ఫోన్స్‌లో అద్భుతంగా వినిపించింది. ఎడమ చెవికీ కుడి చెవికీ వేర్వేరుగా వెళ్తాయి కాబట్టి అవి ఎక్కడా కలవవు మరి.

గ్రౌండ్‌లో అలా కాదు. పెద్ద సభల్లో చాలాచోట్ల ఎడమ, కుడి ఛానళ్లని కలిపేసి, ఒకటే సిగ్నల్‌ని అన్ని బాక్సులకీ పంపుతారు. ఎడమ చివర నిలబడ్డవాడికి కుడి ఛానల్ వినబడకుండా పోకూడదు కదా. అది సరైన పద్ధతే. ఇక లెక్క చూడండి. ఎడమలో ఉన్నది డ. కుడిలో ఉన్నది మైనస్ డ. రెండూ కలిపితే సున్నా. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌లో ఈ లెక్క చేసి మార్కులు తెచ్చుకున్నవాడినే నేను. కుడివైపు కాపీకి కాస్త వేరే ఈక్వలైజేషన్ ఇచ్చాను కాబట్టి, ఆ తేడా మాత్రం మిగిలింది. అదే ఆ పెన్సిల్ టకటక.

తలకిందులు చేయకుండా, ఒక పక్కని 10 మిల్లీసెకన్లు ఆలస్యం చేసి వెడల్పు తెచ్చే కిటుకు కూడా ఉంది. అందులోనూ ప్రమాదం ఉంది. ఆ రెండూ మోనోలో కలిస్తే 50, 150, 250 హెర్ట్జ్... ఇలా వరసగా గుంటలు పడతాయి. దువ్వెన పళ్లలా ఉంటుంది కాబట్టి కోంబ్ ఫిల్టర్ అంటారు. మొత్తం పోదు గానీ డబ్బాలో వాయించినట్టు అవుతుంది.

మందు తేలికే. మాస్టర్ ఛానల్ మీద మోనో బటన్ నొక్కి వినడం. ఐదు సెకన్ల పని. మోనోలో ఏదైనా శబ్దం మాయమైతే, అది స్టీరియోలో ఎంత అందంగా ఉన్నా నమ్మొద్దు. నిజమైన వెడల్పు కావాలంటే రెండోసారి వాయించి రికార్డు చేయాలి. మనిషి రెండుసార్లు ఒకేలా వాయించలేడు కాబట్టి, ఆ రెండు టేకులు ఎడమా కుడీ పెట్టినా ఒకదాన్నొకటి చంపుకోవు. మా వాణ్ణి బతిమాలి మళ్లీ టెర్రస్ ఎక్కించాను. "ఈసారి ఇనబడకపోతే నీ నెత్తి మీద వాయిస్తా" అన్నాడు. ప్రధానమైన టేకుని నడుమ పెట్టి, కొత్త టేకులు రెండు పక్కలకి కొంచెం తక్కువ లెవెల్లో పెట్టాను.

రెండో వెర్షన్: గది చేసిన మోసం

హెడ్‌ఫోన్స్ మీద నమ్మకం పోయి, సీనియర్ దగ్గర సబ్‌వూఫర్ ఉన్న స్పీకర్ల సెట్ అడిగి తెచ్చాను. గది నడుమ కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ట్రాక్ 'ఎ' శ్రుతిలో ఉంది కాబట్టి కిక్‌ని 55 హెర్ట్జ్‌కి కలిపాను. కానీ కిక్ వినిపించడమే లేదు. ఒక డెసిబెల్, రెండు, మూడు... అలా ఐదు డెసిబెల్స్ పెంచాను. అప్పుడు హాయిగా ఉంది.

ఆ వారం డే స్కాలర్ ఫ్రెండ్ వాళ్ల కారులో వేశాం. తలుపులు గిలగిలలాడాయి. డప్పు మళ్లీ మునిగిపోయింది, ఈసారి కిక్ కింద.

ఎందుకో లెక్క వేస్తే నవ్వొచ్చింది. ఎదురెదురు గోడల మధ్య నిలిచే తరంగాల్లో మొదటిదాని ఫ్రీక్వెన్సీ, శబ్ద వేగాన్ని ఆ గోడల దూరానికి రెట్టింపుతో భాగిస్తే వస్తుంది. మా గది వెడల్పు 10 అడుగులు, అంటే సుమారు 3.05 మీటర్లు. 343ని 6.1తో భాగిస్తే దాదాపు 56 హెర్ట్జ్. నా కిక్ 55. ఆ తరంగానికి గోడల దగ్గర పీడనం అత్యధికం, సరిగ్గా నడుమ సున్నాకి దగ్గర. నేను కుర్చీ వేసుకున్నది ఆ సున్నాలోనే! లేచి మూలకి వెళ్లి నిలబడితే అదే కిక్ గోడ బద్దలయ్యేట్టు వినిపించింది. ఇంటర్‌లో స్టేషనరీ వేవ్స్ చదివాం కదా, అవే ఇవి.

గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటిస్తే సరిపోతుందని చాలామంది చెబుతారు. 55 హెర్ట్జ్ తరంగం పొడవు 6 మీటర్లకి పైమాటే. అర అంగుళం అట్ట దాన్ని ఏమీ చేయలేదు. సన్నని శబ్దాల ప్రతిధ్వనిని కాస్త తగ్గిస్తుందేమో గానీ బేస్ బేస్‌లాగే ఉంటుంది. మనం చేయగలిగినవి వేరే ఉన్నాయి. గది నడుమ కూర్చోవద్దు, గోడకి ఆనుకునీ వద్దు. గది పొడవులో మూడో వంతు దగ్గర మొదలుపెట్టి కుర్చీని ముందుకీ వెనక్కీ జరిపి చూడండి. కిక్, బేస్ లెవెల్స్ మాత్రం హెడ్‌ఫోన్స్‌లోనూ సరిచూడండి. హెడ్‌ఫోన్స్‌కి గది ఉండదు. మిగతా వెలితి తీర్చేది రిఫరెన్స్ ట్రాక్.

రిఫరెన్స్ పక్కన పెట్టి వినడం

కూరగాయల బండివాడు కూడా తూకం రాయి లేకుండా అమ్మడు. మనం మాత్రం ఏ రాయీ పెట్టకుండా "బేస్ సరిపోయింది" అనేస్తాం. మీరు చేసే రకానికి దగ్గరగా ఉండి, మీకు బాగా అలవాటైన ఒక ట్రాక్ తీసుకుని మీ ప్రాజెక్టులోనే ఒక ఛానల్లో పెట్టుకోండి. మీ గది ఎంత వంకరైనా రెండింటినీ ఒకే వంకరతో వినిపిస్తుంది. అందుకే పోలిక పనిచేస్తుంది. నేను ఆ రోజు రిఫరెన్స్ వేసి ఉంటే, దాని కిక్ కూడా నా కుర్చీ దగ్గర మాయమయ్యేది. లోపం కిక్‌లో లేదు, కుర్చీలో ఉందని అప్పుడే తెలిసేది.

కానీ ఇక్కడో పెద్ద గొయ్యి ఉంది. రెండూ ఒకే మోతలో ఉండాలి. ఒకే ట్రాక్‌ని ఒక డెసిబెల్ ఎక్కువగా వినిపించినా, గట్టిగా ఉన్నదే "స్పష్టంగా ఉంది, నిండుగా ఉంది" అనిపిస్తుంది. దీనికి కొంత కారణం చెవి నిర్మాణంలోనే ఉంది. 1933లో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు ఇది కొలిచి చూపించారు. మోత తగ్గేకొద్దీ మన చెవికి బేస్ మరీ వేగంగా తగ్గిపోతుంది. ఐఎస్ఓ 226 ప్రమాణంలో 2003 నాటి వక్రరేఖల ప్రకారం, 40 డెసిబెల్స్ దగ్గరున్న 1000 హెర్ట్జ్ శబ్దంతో సమానంగా వినిపించాలంటే 50 హెర్ట్జ్ శబ్దం సుమారు 78 డెసిబెల్స్ ఉండాలి. అదే 80 డెసిబెల్స్ దగ్గర ఆ తేడా 38 నుంచి 22కి తగ్గిపోతుంది. అంటే వాల్యూమ్ పెంచితే బేస్ దానంతట అదే నిండుగా అవుతుంది. మనం మాత్రం "నా మిక్స్ బాగుపడింది" అనుకుంటాం.

అందుకే మోతని కొలవడానికి లఫ్స్ అనే కొలమానం వాడండి. చెవి తీరుకి దగ్గరగా లెక్కించే ఈ పద్ధతికి ఆధారమైన ఐటీయూ ప్రమాణం 2006లో వచ్చింది. యూలీన్ లౌడ్‌నెస్ మీటర్ ఉచితంగా దొరుకుతుంది. రిఫరెన్స్ మైనస్ 8, మీది మైనస్ 14 చూపిస్తే, మీది పెంచకండి. రిఫరెన్స్‌ని 6 డెసిబెల్స్ తగ్గించి అప్పుడు పోల్చండి.

నా మొదటి వెర్షన్‌ని లిమిటర్‌తో మైనస్ 7 దాకా తొక్కేశాను. వేవ్‌ఫామ్ ఇటుకలా తయారైంది. స్పాటిఫై మామూలు సెట్టింగులో పాటలన్నింటినీ మైనస్ 14 లఫ్స్ దగ్గరికి తెస్తుంది. అంటే నా ట్రాక్‌ని 7 డెసిబెల్స్ దించేస్తుంది. గట్టిదనం పోయింది, మిగిలింది నలిగిపోయిన డప్పు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ ఉంటేనే దెబ్బ దెబ్బలా వినిపిస్తుంది. ఆ ఖాళీని లిమిటర్ తినేసింది.

చిన్న స్పీకర్ పరీక్ష

పెద్ద స్టూడియోల్లో కూడా ఆరాటోన్ అనే చిన్న చదరపు డబ్బా స్పీకర్ ఒకటి ఉంచుకుంటారు. అందులో బేస్ ఉండదు, తళుకూ ఉండదు. అందులో కూడా పాట నిలబడితే ఎక్కడైనా నిలబడుతుందని లెక్క. మనకి ఆ పని ఫోన్ స్పీకర్ చేస్తుంది. అది 200 హెర్ట్జ్ కింద పెద్దగా ఏమీ వినిపించలేదు. నా బేస్ అంతా 55 దగ్గరే ఉంది కాబట్టి ఫోన్లో బేస్ లైనే లేదు. పెంచితే లాభం లేదు, ఆ స్పీకర్‌కి అది చేతకాదు. బేస్‌కి కొద్దిగా శాచురేషన్ ఇచ్చాను. అది 110, 165, 220... అలా పై హార్మోనిక్స్‌ని పుట్టిస్తుంది. పైవి వినబడితే, లేని కింది స్వరాన్ని మెదడే ఊహించుకుంటుంది.

ఇదే పరీక్షలో ప్యాడ్ సంగతి కూడా బయటపడింది. మా రికార్డింగులో డప్పు ఒంటి మోత 200, 300 హెర్ట్జ్‌ల మధ్య ఉంది. ప్యాడ్ కూడా అక్కడే బద్ధకంగా పడుకుని ఉంది. డప్పుని పెంచడం మానేసి, ప్యాడ్‌ని ఆ ప్రాంతంలో 4 డెసిబెల్స్ కోశాను. డప్పు తనంతట తనే ముందుకొచ్చింది. ఏదైనా వినబడకపోతే దాన్ని పెంచే ముందు, దాని చోటులో ఎవరు కూర్చున్నారో చూడండి.

ఇప్పుడు నేను పాటించే వరస

1. మొదట లెవెల్స్ మాత్రమే. ఈక్వలైజర్, కంప్రెసర్ ఏవీ లేకుండా ఫేడర్లతోనే మోనోలో ఎంతవరకు సర్దగలమో సర్దాలి. సగం పని ఇక్కడే అయిపోతుంది.

2. కిక్, బేస్ తప్ప మిగతావాటి అడుగున ఉన్న అనవసరపు బరువుని హై-పాస్ ఫిల్టర్‌తో తీసేయాలి. మరీ పైదాకా కోస్తే ట్రాక్ ఎండిపోతుంది. పల్చబడినట్టు అనిపించగానే ఆగి, కొంచెం వెనక్కి రావాలి.

3. కిక్ పడినప్పుడు బేస్ కాస్త తలవంచేలా సైడ్‌చెయిన్ కంప్రెషన్ పెట్టాలి.

4. మోత సమానం చేసి రిఫరెన్స్‌తో పోల్చాలి. ముందు కింద, తర్వాత నడుమ, తర్వాత పైన. అంతా ఒకేసారి వింటే ఏదీ తేలదు.

5. పక్కవాళ్లతో మామూలుగా మాట్లాడుకోగలిగినంత వాల్యూమ్‌లోనే పనిచేయాలి. మెత్తగా పెట్టినా ముఖ్యమైనది ముందే వినిపిస్తే ఆ మిక్స్ నిలబడినట్టే. వారానికి 80 డెసిబెల్స్‌లో 40 గంటలు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సెమిస్టర్‌కి సప్లీ ఉంటుంది, చెవికి ఉండదు.

6. ముప్పావు గంటకోసారి లేచి పది నిమిషాలు బయటికి వెళ్లాలి. యాభై సార్లు విన్నాక చెవి వినడం మానేసి గుర్తు తెచ్చుకోవడం మొదలుపెడుతుంది. ఆ రాత్రి నాకు జరిగింది అదే.

7. మర్నాడు పొద్దున ఒక్కసారి మొత్తం విని, ఆపకుండా కాగితం మీద తప్పులు రాసుకోవాలి. ఆ కాగితంలో ఉన్నవే సరిచేయాలి. కొత్తవి వెతకకూడదు.

ఎనిమిదో పరీక్ష

ఈ ఏడూ పాటించి మూడో వెర్షన్ చేశాను. మోనోలో నిలిచింది, కారులో నిలిచింది, ఫోన్లో నిలిచింది. మీటర్లన్నీ సరిగ్గా చూపించాయి. మా వాడు విని తలూపాడు. "బాపుకి పంపుదామా?" అన్నాడు. వాట్సాప్‌లో పంపాం.

సాయంత్రం ఫోన్ వచ్చింది. స్పీకర్ ఆన్ చేశాడు. బాపు మాట నెమ్మదిగా వచ్చింది: "సిర్ర దెబ్బ మంచిగనే ఇనబడ్తున్నది బిడ్డా. సిటికెన పుల్ల ఏడవోయింది?"

నాకు అర్థం కాలేదు. మా వాడు డప్పు తీసి చూపించాడు. కుడి చేతిలో లావు కర్ర సిర్ర, అది అసలు దెబ్బ. ఎడమ చేతిలో సన్నని పుల్ల సిటికెన పుల్ల, అది దెబ్బల మధ్య చకచకా నింపుతుంది. దరువుకి నడక ఇచ్చేది అదే. రెండు నెలలుగా ఆ రికార్డింగుని వింటున్న నాకు అందులో రెండు కర్రలున్నాయనే తెలియదు!

ల్యాప్‌టాప్ తెరిచి డప్పుని ఒంటరిగా విన్నాను. పుల్ల ఉంది, సన్నగా, చురుగ్గా. తర్వాత ఒక్కో ట్రాక్ కలుపుతూ పోయాను. హై-హ్యాట్ రాగానే పుల్ల మాయమైంది. నేను అలంకారానికి వేసిన హై-హ్యాట్ సరిగ్గా ఆ సన్నని శబ్దం చోటులోనే, అదే వేగంతో తిరుగుతోంది. డప్పు ఉన్నంతసేపూ హై-హ్యాట్‌ని పూర్తిగా తీసేశాను. వేరే ఏమీ చేయలేదు. నడక అక్కడే ఉంది, నేనే దానికి అడ్డంగా నిలబడ్డాను.

కాబట్టి ఎనిమిదోది ఇది: ట్రాక్ పూర్తయిందని అనుకునే ముందు, అందులోని శబ్దాన్ని మీకంటే బాగా ఎరిగినవాళ్లకి ఒక్కసారి వినిపించండి. వీణ పెడితే వీణ నేర్చుకున్నవాళ్లకి, అమ్మమ్మ గొంతు పెడితే అమ్మమ్మకి. "బాగుందా?" అని మాత్రం అడగొద్దు, మనసు నొప్పించడం ఇష్టంలేక బాగుందనే అంటారు. "ఏం వినబడట్లేదు?" అని అడగండి.

నాలుగో వెర్షన్ ఆ రాత్రే పంపాం. కాసేపటికి ఫోన్ వచ్చింది. మా వాడు విని, పెట్టేసి, నా వైపు తిరిగాడు.

"ఏమన్నారు?" అని అడిగాను.

"ఏం అనలే. ఊళ్లె ఇంకో ఇద్దర్ని పిలిచి మళ్ల పెట్టిండట."